కాటా నిలకడ చూసి రిఫరెన్సును మెచ్చుకోవద్దు

గుంటూరులో ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేసేవారి మధ్య, ఇంజినీరింగ్ విద్యార్థుల మధ్య ఒక వాట్సాప్ సందేశం తెగ తిరుగుతోంది. నాకే నాలుగుసార్లు వచ్చింది. దాని సారాంశం: ‘24 బిట్ల ఏడీసీ కొన్నాక రిఫరెన్సు చిప్పుకు మళ్లీ డబ్బెందుకు? 7805 చాలు. ఇన్‌పుట్ షార్ట్ చేసి చూడండి, అంకె కదలదు. కదిలితే పెద్ద కెపాసిటర్ వేయండి. అయినా కదిలితే సగటు తీయండి. మిర్చి యార్డులో కాటాలు ఇలాగే నడుస్తున్నాయి.’ ఏడీసీ అంటే వోల్టులను అంకెలుగా మార్చే చిప్పు; బిట్లు ఎక్కువైతే దాని మెట్లు సన్నబడతాయి. రిఫరెన్సు అంటే అది కొలబద్దగా వాడుకునే వోల్టు. 7805 మామూలు 5 వోల్టుల సరఫరా రెగ్యులేటర్.

ముందు యార్డు సంగతి, ఎందుకంటే అందరూ నమ్మేది ఆ ఒక్క మాటతోనే. టిక్కీలు (మిర్చి బస్తాలు) తూచే కాటా కింద ఉండేది బరువును చిన్న వోల్టుగా మార్చే లోడ్ సెల్. వోల్టుకు 2 మిల్లీవోల్టుల రకమైతే, 5 వోల్టులు ఇచ్చినప్పుడు నిండు బరువుకు 10 మిల్లీవోల్టులు వస్తాయి. ఆ 5 వోల్టులనే ఏడీసీకి రిఫరెన్సుగానూ కలుపుతారు. సరఫరా ఒక శాతం పెరిగితే సెల్ ఇచ్చేదీ ఒక శాతం పెరుగుతుంది, కొలబద్దా అంతే సాగుతుంది, నిష్పత్తి మారదు. ఇది 7805 గొప్పతనం కాదు, తీగలు కలిపిన తీరు. నిజానికి అక్కడ ఖరీదైన రిఫరెన్సు పెడితేనే డబ్బు దండగ. అంతవరకు సందేశం రాసినవారితో నాకు పేచీ లేదు.

అదే బోర్డును తీసుకెళ్లి కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత చూడటానికి పెడితే కథ మారిపోతుంది. ఉష్ణోగ్రతను కరెంటుగా మార్చే ట్రాన్స్‌మిటర్ 4 నుంచి 20 మిల్లీఆంపియర్లు పంపుతుంది. 250 ఓముల మీద అది 1 నుంచి 5 వోల్టులవుతుంది. ఆ వోల్టులకు మన 7805తో ఏ చుట్టరికమూ లేదు. రిఫరెన్సు ఎటు ఊగితే అంకె దానికి ఎదురు ఊగుతుంది.

ఇక షార్ట్ చేసి చూడటం, అంటే ఇన్‌పుట్ తీగలు రెండూ కలిపేసి సున్నా వోల్టులు ఇవ్వడం. ఏడీసీ చేసేది భాగహారం, ఇన్‌పుట్‌ను రిఫరెన్సుతో భాగిస్తుంది. సున్నాను 5తో భాగించినా 5.2తో భాగించినా సున్నాయే. రిఫరెన్సు నాయిస్, అంటే దాని ఊగులాట, ఇన్‌పుట్ ఎంత ఉంటే అంత మేరకే అంకెలోకి వస్తుంది. షార్ట్ చేసినప్పుడు కనిపించేది ఏడీసీ సొంత నాయిస్ మాత్రమే. దాన్ని చూసి రిఫరెన్సు మంచిదనడం, తక్కెడలో ఏమీ వేయకుండా తూనికరాళ్లు సరైనవేనని తేల్చినట్టుంది.

కెపాసిటర్ మాట సగం నిజం. అది పై పౌనఃపున్యాల రొదను తగ్గిస్తుంది. నెమ్మదిగా కొలిచే పనిలో ఇబ్బంది పెట్టేది 0.1 నుంచి 10 హెర్ట్జ్‌ల మధ్య ఊగులాట. అందుకే డేటాషీట్లు దాన్ని విడిగా ఇస్తాయి. 10 కిలోఓముల నిరోధంతో 0.1 హెర్ట్జ్ దగ్గర అడ్డుకట్ట వేయాలంటే దాదాపు 160 మైక్రోఫారడ్లు కావాలి. ఆ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒక్క మైక్రోఆంపియర్ లీకైనా నిరోధం మీద 10 మిల్లీవోల్టులు పోతాయి, అదీ వేడితో మారుతూ. మైక్రోవోల్టుల కోసం వెళ్లి మిల్లీవోల్టులు పోగొట్టుకోవడం అంటే ఇదే. నిరోధం లేకుండా నేరుగా వేస్తే, 10 హెర్ట్జ్ దగ్గర రెగ్యులేటర్ బలం ముందు ఆ కెపాసిటర్ లెక్కలోకే రాదు.

సగటు వల్ల పోయేది కొలత కొలతకూ అటూ ఇటూ మారే రొద మాత్రమే. మెల్లగా జరిగిపోయే విలువకు సగటు తీస్తే జరిగిపోయిన విలువే వస్తుంది.

7805 నే చూద్దాం. మామూలు రకం 4.8 నుంచి 5.2 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. డిగ్రీకి సుమారు 1 మిల్లీవోల్టు జారుతుంది. మే నెలలో విజయవాడలో రేకుల షెడ్డు కింద ప్యానెల్ లోపల తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా వస్తే 30 మిల్లీవోల్టులు, అంటే 0.6 శాతం. 8 బిట్ల ఏడీసీలో ఒక మెట్టే 0.39 శాతం! 24 బిట్లు ఎక్కడికి పోయాయో మరి.

పోల్చి చూస్తే, 2.5 వోల్టుల రిఫరెన్సు చిప్పు రెఫ్5025 ఊగులాట ఆ కింది పౌనఃపున్యాల్లో 7.5 మైక్రోవోల్టులు, ఏడీఆర్4525 ది 1.25. 2.5 వోల్టుల మీద 24 బిట్ల మెట్టు 0.15 మైక్రోవోల్టులే కాబట్టి, ఈ రెండోది కూడా నిండు ఇన్‌పుట్ దగ్గర ఎనిమిది మెట్లు ఊగుతుంది.

నా మాటా నమ్మనక్కర్లేదు. ఏడీసీ గెయిన్ 1 దగ్గర (అంటే సిగ్నల్‌ను పెంచకుండా) పెట్టి, రెండు కొత్త పెన్సిల్ సెల్లులను వరుసగా కలిపి, దూదిలో చుట్టి డబ్బాలో ఉంచి, అరగంట ఆగి ఏడీసీకి కలపండి. సెల్లుల నాయిస్ చాలా తక్కువ. 5 వోల్టుల రిఫరెన్సులో ఆ రెండు సెల్లుల వోల్టు 60 శాతం పైమాటే, కాబట్టి రిఫరెన్సు ఊగులాటలో అంత వంతు తెర మీద కనబడుతుంది. తర్వాత 7805 పక్కన సోల్డరింగ్ ఐరన్ కాసేపు పట్టుకుని అంకె చూడండి.