తప్పులు కావట, కథలట

సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ పుస్తకంలో ఫలానా చోట తప్పుందండీ అని ఎవరైనా పాపం అమాయకంగా అన్నారనుకోండి, వెంటనే ఒక పెద్దమనిషి చిరునవ్వుతో దిగుతాడు. "అది తప్పు కాదు. అక్కడ ఒక కథ దాగుంది. ఎందుకలా ఉందో ఆట నడిపే రెఫరీ ఊహించుకోవాలి." ఈ వాక్యాన్ని కనిపెట్టినవాడికి పాదాభివందనం. ఇదే లెక్కన జీతం స్లిప్పులో ఒక సున్నా ఎగిరిపోతే అక్కడా కథే ఉంటుంది, ఉద్యోగి ఊహించుకోవాలి. మందు సీసా మీద మోతాదు తప్పు పడితే అది ఇంకా మంచి కథ, రోగి ఊహించుకోవాలి, టైముంటే.

కాబట్టి నేనూ పద్ధతిగా, శ్రద్ధగా ఊహించుదామని కూర్చున్నాను. తీసుకున్న పుస్తకం ఈ జాతికంతటికీ పెద్దదిక్కు: ట్రావెలర్. 1977లో అమెరికాలో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ వాళ్లు, మార్క్ మిల్లర్ రచనగా, ఒక డబ్బాలో మూడు చిన్న నల్ల పుస్తకాలు పెట్టి అమ్మారు. ఎప్పుడూ ఆడనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఒకరు రెఫరీ, మిగతావాళ్లు అప్పులపాలైన అంతరిక్ష వ్యాపారులు, రిటైరైన సైనికులు, అలాంటివాళ్లు. ఏం జరగాలో పాచికలు తేలుస్తాయి. ఇందులో మీ పాత్రని తయారు చేసుకుంటున్నప్పుడే, అంటే ఆట ఇంకా మొదలవకముందే, ఆ పాత్ర చచ్చిపోవచ్చు. అది తప్పు కాదు, కావాలని పెట్టిన నియమమే, నాకు భలే ఇష్టం కూడా. మనం మాట్లాడేది దాని గురించి కాదు.

మాట్లాడేది పిక్సీ గురించి.

1979లో వాళ్లే స్పిన్‌వార్డ్ మార్చెస్ అనే ప్రాంతానికి ఒక చిన్న పుస్తకం వేశారు. నాలుగు వందలకు పైగా లోకాలు, ఒక్కో లోకానికి ఒక్క వరుస. అందులో పిక్సీ అనే లోకానికి ఎదురుగా A100103-D అని ఉంటుంది. చూడ్డానికి గ్యాస్ కనెక్షన్ నంబర్‌లా ఉన్నా ఒక్కో అక్షరానికీ అర్థముంది. మొదటి A అంటే అత్యుత్తమ స్థాయి స్టార్‌పోర్టు: శుద్ధి చేసిన ఇంధనం, ఏటా చేయాల్సిన ఓవర్‌హాలింగు, నక్షత్రాల మధ్య తిరిగే నౌకలను కొత్తగా కట్టగల షిప్‌యార్డు. తర్వాతి 1 లోకం పరిమాణం, సుమారు 1,600 కిలోమీటర్ల వ్యాసం. ఆ తర్వాత రెండు సున్నాలు: గాలి లేదు, నీళ్లు లేవు. ఆ తర్వాతి 1 జనాభా.

జనాభా 1 అంటే పదుల్లో. పదుల వేలల్లో కాదండీ, పదుల్లో. పది మంది నుంచి తొంభై తొమ్మిది మంది దాకా. మా వీధిలో వినాయకుడి దగ్గర పులిహోర లైన్లో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు.

సరే, ఊహించాను. గాలి లేని రాయి మీద తొంభై మంది ఉన్నారు, వాళ్లు అంతరిక్ష నౌకలు కడుతున్నారు. పోర్టు పక్కనే సామ్రాజ్య నౌకాదళ స్థావరం కూడా ఉంది. ఇక ప్రభుత్వం సంగతి: జనాభా తర్వాతి సున్నా అంటే ప్రభుత్వమే లేదు, ఇలాంటి చోట్ల చాలావరకు కుటుంబ సంబంధాలతోనే నడుస్తుందని పుస్తకం వివరణ. అంటే పిక్సీ ఒక ఉమ్మడి కుటుంబం. ఆ సున్నా తర్వాతి 3 చట్టం స్థాయి, అంటే మెషీన్ గన్లు, ఆటోమేటిక్ రైఫిళ్లు లాంటి సైనిక ఆయుధాలు నిషిద్ధం. ప్రభుత్వం లేని చోట నిషేధం ఎవరు పెట్టారంటారా? ఎవరు పెడతారు, పెద్దమ్మ పెట్టింది. "ఒరేయ్, ఆ మెషీన్ గన్ గడప దాటి లోపలికి వచ్చిందా, ఇవాళ్టి నుంచి నీకు అన్నం లేదు" అంది. పక్కనే ఉన్న నౌకాదళం వాళ్లకీ అదే చెప్పింది. వాళ్లు తుపాకులు బయట చెప్పుల స్టాండు దగ్గర పెట్టి లోపలికొస్తారు, గాలి లేదు కనక స్పేస్ సూట్లు మాత్రం విప్పరు.

వెల్డింగు చేసేది చిన్న బావగారు. శుద్ధి చేసిన ఇంధనం ఇన్‌ఛార్జి పెద్దమ్మే, కాబట్టి ఆవిడ పూజలో ఉన్న టైముకి ఏ నౌక దిగినా ఆగాల్సిందే. కంట్రోల్ రూములో తోడల్లుడు, అతనికీ చిన్న బావగారికీ మాటల్లేవు, అందుకని దిగే నౌకలకు సిగ్నళ్లు మూడో మనిషి ద్వారా వెళ్తాయి. రెండు వందల మంది ప్రయాణికులతో ఒక లైనర్ దిగితే లోకం జనాభా ఒక్క దెబ్బకి మూడింతలవుతుంది, అందరికీ కాఫీలు పెట్టాలి. ఇంతమంది బంధువులు, ఇన్ని పనులు, పైగా ఏటా ఓవర్‌హాలింగుకి వచ్చే నౌకలు; అయినా టెక్నాలజీ స్థాయి చివరి అక్షరం D, అంటే 13. ఈ ఆటలో మన భూమి లాంటి చోటు ఏడెనిమిది దగ్గర ఉంటుంది.

ఆ 13 ఎలా వచ్చిందో చూస్తే ఇంకా మజా. టెక్నాలజీకి ఒక పాచిక వేసి దానికి కొన్ని అంకెలు కలపాలి. A స్టార్‌పోర్టుకి 6. లోకం బుల్లిదైనందుకు 2. గాలి లేనందుకు 1. జనం లేనందుకు 1. ప్రభుత్వం లేనందుకు ఇంకో 1. మొత్తం 11. పాచికలో ఒకటి పడ్డా 12 గ్యారంటీ, పాపం పిక్సీకి రెండు పడింది. గాలి, జనం, ప్రభుత్వం, ఈ మూడూ తీసేస్తే దేశం దూసుకుపోతుందని అచ్చులో, పట్టిక సహా నిరూపించిన ఏకైక ఆర్థిక సిద్ధాంతం ఇది. స్టార్‌పోర్టు స్థాయికి వేసే పాచికలు మొట్టమొదట పడతాయి, అక్కడ మనుషులున్నారా లేదా అని అవి అడగవు, కాబట్టి ప్రతి ఆరు లోకాల్లో ఒకదానికి A వస్తుంది, ఎవరున్నా లేకపోయినా.

ఇంకా ఉంది. 1981లో అదే కంపెనీ అదే ఆటకి నౌకాదళాల పోటీల కోసం వేసిన పుస్తకంలో షిప్‌యార్డు సామర్థ్యానికి సూత్రం ఇచ్చారు: జనాభాని వెయ్యితో భాగిస్తే ఎన్ని టన్నులు కట్టగలరో వస్తుంది. పిక్సీలో తొంభై తొమ్మిది మంది ఉన్నారనే అనుకుందాం, ఉదారంగా. టన్నులో పదో వంతు కూడా రాదు. ఈ ఆటలో టన్ను అంటే 14 ఘనపు మీటర్ల చోటు, కాబట్టి ఆ మహా షిప్‌యార్డు కట్టగలిగింది సుమారు 1.4 ఘనపు మీటర్లు. మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు, తలుపు వేసుకోవడం అనుమానమే. నక్షత్రాల మధ్య తిరగాలంటే కనీసం 100 టన్నుల నౌక కావాలని మొదటి పుస్తకాల్లోనే ఉంది. మూడు పుస్తకాలూ ఒకే ఆఫీసు నుంచి వచ్చినవే. ఒకదాన్ని ఇంకొకటి చదివిన దాఖలా లేదు.

"నౌకాదళం వాళ్లు జనాభా లెక్కలోకి రారు సార్" అంటాడు పెద్దమనిషి. ఆ మాట ఆ వరుసలో ఎక్కడుందో చూపించండి అంటే మళ్లీ చిరునవ్వే.

నౌకల నక్షాల గురించి ఎక్కువ చెప్పను, ఏడుపొస్తుంది. టన్నుకి 14 ఘనపు మీటర్లు అన్నవాళ్లే గళ్ల కాగితం మీద టన్నుకి రెండు గళ్లు గీసుకోమన్నారు, గడి మీటరున్నర, ఎత్తు మూడు మీటర్లు, గుణిస్తే పదమూడున్నర. అర ఘనపు మీటరు పోతే పోనిద్దాం. కానీ నక్షా ఇరవై శాతం అటూ ఇటూ అయినా ఫరవాలేదని రాసిపెట్టుకున్నారు చూశారూ, అంటే 200 టన్నుల నౌక 160 అయినా 240 అయినా ఒకటే! సూపర్ బిల్టప్ ఏరియా పేరుతో ఫ్లాట్లు అమ్మే మన బిల్డర్లకి కూడా రాసివ్వడానికి ధైర్యం చాలని క్లాజు అది.

సరుకు రవాణా లెక్క మాత్రం వదలను. టన్నుకి వెయ్యి క్రెడిట్లు (ఆటలో డబ్బు), ఒక్కో జంపుకి, అంటే ఒక నక్షత్రం దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి వేసే దూకుకి. జంపు ఒక పార్సెక్ (నక్షత్రాల మధ్య దూరానికి కొలత) అయినా మూడు పార్సెక్‌లు అయినా అదే వెయ్యి. ఇంధనం మాత్రం ఒక్కో పార్సెక్‌కీ నౌక పరిమాణంలో పదో వంతు, కాబట్టి 200 టన్నుల నౌక మూడు పార్సెక్‌లు దూకాలంటే 60 టన్నులు ఇంధనానికే పోతాయి. ఎక్కువ దూరం వెళ్తే సరుకుకి చోటు తగ్గుతుంది, రేటు పెరగదు. ఇలాంటి వ్యాపారానికి బ్యాంకు 40 ఏళ్ల అప్పిస్తుంది, నెలకి నౌక ధరలో 240వ వంతు చొప్పున 480 నెలలు కట్టాలి. మనం ఇరవై ఏళ్ల హోమ్ లోనుకే టెన్షన్ పడుతుంటాం. ఈ వాయిదాలు మాత్రం ఒక్క నెల కూడా తప్పకుండా లెక్క కట్టి ఇచ్చారు, అప్పు దగ్గర వాళ్ల శ్రద్ధకి వంక పెట్టలేం.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. పాత ఆట, చిన్న కంపెనీ, టైపు మెషీన్ రోజులు, సరే. 1987లో మెగాట్రావెలర్ వచ్చింది, పది సంవత్సరాల అనుభవం తర్వాత, అన్నీ ఒకచోటికి తెచ్చి సరిదిద్దుతామంటూ. అది ఈ రంగంలో తప్పొప్పుల పట్టికలకే ఒక ఉదాహరణగా మిగిలిపోయింది. నౌకలు డిజైన్ చేసే పట్టికల్లో తప్పులు, పోరాట నియమాల్లో తప్పులు, వాటిని దిద్దినవాళ్లు ఎక్కువమంది డబ్బిచ్చి కొనుక్కున్న పాఠకులే. 2013లో ట్రావెలర్ 5 వచ్చింది, 650కి పైగా పేజీలు, జనం ముందుగానే డబ్బులు పోగేసి ఇస్తే అచ్చయింది. మళ్లీ అదే కథ, మళ్లీ పట్టిక, మళ్లీ పాఠకులే. కొన్నేళ్లకి సరిదిద్దిన ప్రతి మూడు సంపుటాలుగా వచ్చింది, కొనుక్కోవాలి. మన దగ్గర డబ్బు తీసుకుని, మన చేత తప్పులు వెతికించి, దిద్దినది మళ్లీ మనకే అమ్మడం ఏ న్యాయం? అచ్చుకి పంపేముందు ఒక మనిషిని కూర్చోబెట్టి, నువ్వీ పట్టికతో ఒక నౌక కట్టి చూపించరా నాయనా అని ఒక్క పూట అడగడానికి ఏమొచ్చింది? ఆ పని చేసే మనిషిని ప్రూఫ్ రీడర్ అంటారు, జీతం అడుగుతాడు, అదీ బాధ!

దీనికన్నా ఒళ్లు మండించేది మన చిరునవ్వు పెద్దమనిషి. రాత్రిళ్లు కూర్చుని పేజీ పేజీ పోల్చి, ఈ అంకెకీ ఆ అంకెకీ పొసగట్లేదని రాసి పంపే కుర్రాణ్ని పట్టుకుని, కోడిగుడ్డు మీద ఈకలు పీకకు, ఆట ఆడుకో, ఊహాశక్తి లేదా అంటాడు. ఆ పుస్తకాన్ని ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ప్రేమించినవాడు ఆ కుర్రాడేనయ్యా. నీకంటే ఎక్కువ. రాసినవాళ్లకంటే ఎక్కువ. ఒక్కసారి కూడా పట్టిక తెరిచి కూడి చూడని నువ్వా వాడికి ఊహాశక్తి గురించి చెప్పేది?

ఈ పుస్తకాలను అందరికన్నా శ్రద్ధగా చదివింది ఎవరో రికార్డుల్లో ఉంది. 1981లో కాలిఫోర్నియాలోని శాన్ మేటియోలో ట్రిలియన్ క్రెడిట్ స్క్వాడ్రన్ పోటీ జరిగింది, నియమాల ప్రకారం లక్ష కోట్ల క్రెడిట్లతో నౌకాదళం కట్టుకుని ఢీకొనాలి. ఎన్నడూ ఈ ఆట ఆడని కంప్యూటర్ శాస్త్రవేత్త డగ్లస్ లెనాట్ తన యూరిస్కో అనే ప్రోగ్రాంకి ఆ నియమాలు ఇచ్చాడు. అది ఒక్కో సందూ వెతికి, మెల్లగా కదిలే, దట్టమైన కవచంతో, చిన్న ఆయుధాలతో నిండిన నౌకల గుంపుని తయారు చేసింది. చూసినవాళ్లు నవ్వారు. అది గెలిచింది. మరుసటి సంవత్సరం నియమాలు మార్చారు, వేగంగా కదలని దళాలకి ఇబ్బంది అయ్యేలా. దెబ్బతిని నెమ్మదించిన సొంత నౌకల్ని తనే పేల్చేసుకుంటే మిగతా దళం వేగం తగ్గదని అది కనిపెట్టింది, మళ్లీ గెలిచింది.

ఇక నిర్వాహకులు నియమాలన్నీ ముందేసుకుని, ఒక యంత్రం దూరిపోయిన సందులన్నీ పూడ్చి ఉంటారనుకుంటున్నారా? మూడోసారి కూడా మీరే గెలిస్తే పోటీ ఎత్తేస్తామని లెనాట్‌కి చెప్పారు. ఆయన మర్యాదస్తుడు, ఇక రానన్నాడు.