సీటు మెత్తగా ఉంటే సరిపోదు

సైకిల్ మీద ఒళ్లు నొప్పులు రాకుండా మెత్తటి జెల్ సీటు వేయించుకోమని మీ వ్యాసంలో రాశారు. ఈ ఒక్క మాట నేను ఒప్పుకోను. మరీ మెత్తటి సీటులో పిరుదుల ఎముకలు కిందికి దిగిపోయి, బరువంతా మధ్యలోని నరాల మీద పడుతుంది. దూరం వెళ్లేవాళ్లకు తిమ్మిరి అక్కడే మొదలవుతుంది. మెత్తదనం కన్నా ముందు వెడల్పు చూడాలి, ఆ తర్వాత ఎత్తు. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి. సీటు ఎత్తు అలా పెట్టుకుంటే మామూలుగా తొక్కేటప్పుడు, పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీలు వంగుతుంది.

టైర్ల గురించి మీరు అసలు రాయలేదు! ఫ్రేమ్‌లో చోటుంటే 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరు తీసేసి 35 వేసి, గాలి కాస్త తగ్గించి చూడండి. గతుకుల అదురు చాలావరకు టైరులోనే ఆగిపోతుంది. అరచేతులు ఇంకా నొప్పెడుతుంటే పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్క) వేస్తే హ్యాండిల్ దగ్గరికి వస్తుంది.