ఉప్పేసి మరగబెడితే ఏ కొమ్మైనా అక్వేరియానికి పనికొస్తుందా?

ట్యాంకులో అలంకారానికి పెట్టే చెక్క (డ్రిఫ్ట్‌వుడ్) గురించి చేపలు పెంచేవాళ్ల మధ్య చాలాకాలంగా తిరుగుతున్న సలహా ఒకటుంది. కాస్త అటూ ఇటూగా ఇలా ఉంటుంది: “డ్రిఫ్ట్‌వుడ్ డబ్బు పెట్టి కొనక్కర్లేదు. ఏ చెట్టు కొమ్మైనా తెచ్చి, ఉప్పేసి గంటసేపు మరగబెట్టండి, విషమంతా పోతుంది. ట్యాంకులో పెట్టాక నీళ్లు గోధుమరంగుకు తిరిగితే ఇంకా విషం దిగుతున్నట్టే. తెల్ల బూజు పట్టిందంటే చేపలు దక్కవు, తీసి పారేయండి. ఈ గొడవంతా వద్దనుకుంటే ముందే వార్నిష్ కొట్టేయండి. తేలే చెక్క ఎప్పటికీ పనికిరాదు.”

ఇందులో నిజం ఒక్కటే: కొనక్కర్లేదు.

“ఏ చెట్టైనా” అనే మాటతోనే అసలు ప్రమాదం మొదలవుతుంది. మరుగుతున్న నీళ్లంటే సుమారు 100 డిగ్రీల వేడి. దానికి పురుగులు, వాటి గుడ్లు, చాలావరకు సూక్ష్మజీవులు చస్తాయి. చెట్టు తనను తాను కాపాడుకోవడానికి తయారుచేసుకున్న రసాయనాలకు చావేమిటి, అవి ప్రాణులు కావుగా! గన్నేరును ఎంత మరిగించినా గన్నేరే. పాలు కారే జిల్లేడు, జెముడు లాంటివాటి జోలికీ వెళ్లకూడదు. పైన్, దేవదారు చెక్కలో రెసిన్ అనే జిగట పదార్థం ఉంటుంది, ఒక గంట మరిగినంత మాత్రాన లోపలిదంతా బయటికి రాదు. చెద పట్టకుండా మందు ఎక్కించిన కలప అయితే మరీ ఘోరం. కొన్ని రకాల మందుల్లో రాగి, ఆర్సెనిక్ కూడా ఉంటాయి. రొయ్యలకు, నత్తలకు హాని చేయడానికి రాగి కొంచెం చాలు.

కాబట్టి పొయ్యి వెలిగించేముందే చెక్క సంగతి తేల్చుకోవాలి. ఏ చెట్టుదో తెలియని కొమ్మ వద్దు. పురుగుమందు కొట్టిన తోటలోది అసలే వద్దు. జామ, ఓక్, బీచ్ లాంటి గట్టి చెక్కలు బాగా పనికొస్తాయి, అదీ పూర్తిగా ఎండాకే. బెరడును గోటితో గీరి చూడండి. కింద పచ్చగా, తడిగా కనబడితే అది ఇంకా పచ్చి కొమ్మే. అందులోని చక్కెరలను తిని బాక్టీరియా ఒక్కసారిగా పెరిగితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. బాగా ఎండిన సన్నకొమ్మ వంగదు, టప్పున విరుగుతుంది. ఇక లావు ముక్కను చాకు మొనతో నొక్కండి. మొన మెత్తగా దిగిపోతే లోపల పుచ్చినట్టే. బెరడంతా ఒలిచేయండి, లేకపోతే నానాక అదే ఊడిపోయి ట్యాంకు అడుగున కుళ్లుతుంది.

ఉప్పు దేనికో నాకిప్పటికీ అర్థం కాదు. లీటరు నీళ్లలో 58 గ్రాముల ఉప్పు వేసినా మరిగే ఉష్ణోగ్రత పెరిగేది సుమారు 1 డిగ్రీ. కానీ చెక్క ఆ ఉప్పునీళ్లను పీల్చుకుని, తర్వాత మెల్లగా మంచినీటి ట్యాంకులోకి వదులుతుంది. సముద్రపు ఒడ్డున దొరికిన చెక్కలో ఉప్పు పోవాలని జనం వారాల తరబడి నానబెడతారు. ఇక్కడేమో లేని ఉప్పును కొనితెచ్చి ఎక్కిస్తున్నారు.

గంట లెక్కా అంతే. సన్నకొమ్మకు అది చాలు, లావు మొద్దు నడిమికి వేడి చేరాలంటే చాలదు. అలాగని రోజంతా ఉడికిస్తే నారలు మెత్తబడి చెక్క త్వరగా చీకిపోతుంది. గిన్నెలో పట్టని ముక్కను టబ్బులో వేసి, మరిగే నీళ్లు పోసి, నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు నాననివ్వండి. ప్రెషర్ కుక్కర్ మాత్రం వద్దు. చెక్కపొట్టు ఆవిరి దారికి అడ్డుపడితే చాలా ప్రమాదం.

గోధుమరంగు నీళ్ల గురించి అనవసరంగా టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ. ఆ రంగు చెక్కలోంచి ఊరే టానిన్లు, హ్యూమిక్ పదార్థాలు అనే సహజ పదార్థాలది. అమెజాన్‌లో కలిసే రియో నెగ్రో నది నీళ్లు ఇలాంటి పదార్థాల వల్లే డికాక్షన్ రంగులో ఉంటాయి. కార్డినల్ టెట్రా లాంటి చేపల సొంత ఊరు ఆ నీళ్లే. రంగు నచ్చకపోతే నీళ్లు మారుస్తూ ఉండండి, లేదా ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. దీనికి పూర్తి ఎదురు ప్రచారమూ ఒకటుంది: చెక్క పెడితే చాలు, పీహెచ్ (నీటి ఆమ్లత్వానికి కొలత) దానంతటదే దిగిపోతుందని. కార్బొనేట్లు ఎక్కువున్న నీళ్లలో అది పెద్దగా కదలదు. చూడాల్సింది వేరే ఉంది. రంగు ఉన్నా నీళ్లు తేటగా ఉంటే పర్వాలేదు. పాలు కలిపినట్టు మబ్బుగా ఉండి వాసన వస్తే మాత్రం చెక్క బయటికి తీసి, కొన్ని నీళ్లు మార్చి, ఎయిర్ పంప్ నడపండి.

తెల్లటి జిగురు పొర కూడా కొత్త చెక్కకు మామూలే. మిగిలిపోయిన చక్కెరలను తినే బాక్టీరియా, శిలీంధ్రాలు అవి. తిండి అయిపోగానే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. రొయ్యలు, నత్తలు దాన్ని ఇష్టంగా తింటాయి. అంతవరకు ఆగలేకపోతే పాత టూత్‌బ్రష్‌తో రుద్దేయండి. కుళ్లిన గుడ్డు వాసనతో నల్లగా మెత్తబడిన చెక్కను మాత్రం పారేయాల్సిందే.

వార్నిష్ గురించి రెండే మాటలు. ఎప్పుడూ నీళ్లలో ఉండే చెక్క మీద అది పగిలి, పొరలుగా లేస్తుంది. అందులోని రసాయనాలు చేపల నీళ్లలోకి చేరతాయి.

ఇక తేలడం. చెక్క కణాల గోడల సాంద్రత నీటి సాంద్రతకు సుమారు ఒకటిన్నర రెట్లు. తేలేలా చేసేది లోపలి గాలి. ఆ గాలి పోయి నీళ్లు నిండితే చెక్క మునుగుతుంది. అక్వేరియం చెక్కల్లో మొపానీ లాంటి బరువైన రకం సాధారణంగా పెట్టిన వెంటనే మునుగుతుంది, స్పైడర్ వుడ్ అనే రకానికి వారాలు పట్టొచ్చు. ఆగలేనివాళ్లు దాన్ని పలకరాయికి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూతో బిగించి, ఆ రాయిని ఇసుకలో కప్పేయొచ్చు. మామూలు ఇనుప మేకు తుప్పు పడుతుంది, రాగి తీగ వాడనే వాడొద్దు. పైన రాయి ఊరికే పెట్టి వదిలేయకండి. చెక్క కదిలి రాయి జారితే అద్దం పగులుతుంది.