కోరం ఉంది, గొంతు లేదు

బోర్డు సమావేశాల్లో అసమ్మతిని మర్యాదగా అణచడం ఎలాగన్న చిక్కుముడి, బల్ల మధ్య ఒక గుండ్రటి మైకు పెట్టడంతో ఇట్టే విడిపోయింది. కొందరు గదిలో, కొందరు తెరమీద కూర్చునే ఈ హైబ్రిడ్ సమావేశాన్ని బెంగళూరు కోరమంగళలోని మా కంపెనీ ఎంత సమర్థంగా నడుపుతోందో పదిమందికీ తెలియజేయడం ఆ బోర్డు సభ్యుడిగా నా విధి.

మేం ఆరుగురం. ఛైర్మన్‌గారితో కలిపి ముగ్గురం గదిలో ఉంటాం. మిగిలిన ముగ్గురు చెన్నై, విజయవాడ, మా బెంగళూరులోనే ఉన్న వైట్‌ఫీల్డ్‌ల నుంచి తెరమీదికి వస్తారు. (వైట్‌ఫీల్డ్ నుంచి రావడం కంటే చెన్నై నుంచి రావడమే తేలికని వైట్‌ఫీల్డ్ ఆయన వాదన, ఆయనతో మాకెవరికీ పేచీ లేని విషయం ఇదొక్కటే.) 2013 నాటి కంపెనీల చట్టం వీడియోలో హాజరైన డైరెక్టరును కూడా కోరంలో, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరులో, లెక్కిస్తుంది. మనిషిని లెక్కించమన్నారే గాని మాటను లెక్కించమనలేదు కదా అన్నది ఛైర్మన్‌గారి భాష్యం.

నియమాల ప్రకారం మొదట పేరుపేరునా హాజరు పిలవాలి. వీడియోలో ఉన్న ప్రతి డైరెక్టరూ తానెక్కడున్నదీ చెప్పి, ఈ చర్చ వినేందుకు తన దగ్గర మరెవరూ లేరని ప్రకటించాలి. మొన్న వైట్‌ఫీల్డ్ డైరెక్టరుగారు "గదిలో నేను తప్ప ఎవరూ లేరండీ" అనగానే వెనకనుంచి వాళ్లమ్మగారు, "ఎవరూ లేకపోవడమేంట్రా, నేను మనిషిని కానూ?" అన్నారు. ఆ రోజు తెరమీది పక్షం నుంచి స్పష్టంగా వినబడిన వాక్యం అదే. కంపెనీ సెక్రటరీగారు కలం ఎత్తి, ఛైర్మన్‌గారి వంక చూసి, దించేశారు.

మైకు పక్కనే మద్దూరు వడల పళ్లెం ఉంటుంది. వీడియో సమావేశపు రికార్డింగును ఆ ఏడాది ఆడిట్ ముగిసేదాకానైనా భద్రపరచాలి కనుక, మా రికార్డుల్లో ఆ కరకరలన్నీ పదిలంగా ఉన్నాయి. అసలు చర్చ మాత్రం కాఫీ పోసుకునే మూలన, మైకుకు వీపు పెట్టి, గుసగుసల్లో సాగుతుంది. తరవాత ఛైర్మన్‌గారు "అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అని అడిగి, తెరమీదివారు మ్యూట్ తీసుకోవడానికి పట్టే సమయం కంటే రవ్వంత తక్కువసేపు ఆగుతారు. ఎంతో సాధన చేస్తే గాని అబ్బని విద్య అది.

తెరమీదివారినే ముందుగా అడగాలనీ, గదిలోనివారు కూడా ఎవరి ల్యాప్‌టాప్ ముందు వారు కూర్చోవాలనీ, ఓటు పేరుపేరునా అడగాలనీ సెక్రటరీగారు ఒకసారి సూచించారు. "అలా చేస్తే అందరూ మాట్లాడతారమ్మా" అని ఛైర్మన్‌గారు నిజాయితీగా చెప్పారు.

మొన్న గోదాము కొనుగోలు తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గగానే భోజనానికి, ఇక్కడి కన్నడంలో ఊటకి, లేచాం. మరిచిపోయిన ఫోను కోసం నేను వెనక్కి వెళ్లేసరికి, వైట్‌ఫీల్డ్ డైరెక్టరుగారు ఆ ధర ఎందుకు ఎక్కువో అంకెలతో సహా ఖాళీ కుర్చీలకు వివరిస్తున్నారు. పళ్లేలు తీయడానికొచ్చిన కుర్రాడు కాసేపు చేతులు కట్టుకుని శ్రద్ధగా విని, "సార్, అందరూ ఊటకి పోయారు" అని చెప్పి టీవీ ఆపేశాడు.