పన్నెండు సెకన్ల వీడియో చూడటానికి కూడా తీరిక లేదా?

ఇప్పుడే పోలీస్ స్టేషన్ నుంచి ఇంటికొచ్చాను. అన్నం సహించడం లేదు, అందుకే రాస్తున్నా.

నిన్న సాయంత్రం హైదరాబాద్ నుంచి నల్గొండ వస్తుంటే 65వ నంబర్ హైవే మీద నా కళ్ళ ముందే యాక్సిడెంట్ అయింది. యూటర్న్ దూరమని ఒక ఆటో రాంగ్ రూట్లో ఎదురొచ్చింది. నా ముందున్న కారాయన దాన్ని తప్పించబోయి డివైడర్‌ను గుద్దాడు. ఆటో ఆగకుండా పోయింది. ఆయనకు కాలు విరిగింది, భార్యకు తల మీద కుట్లు పడ్డాయి. అంతా నా డ్యాష్‌క్యామ్‌లో, అంటే ఎదుటి రోడ్డును రికార్డు చేసే కారు కెమెరాలో ఉంది. పన్నెండు సెకన్లు, అంతే. పొద్దున్నే మెమరీ కార్డు తీసుకుని పోతే చూడనే లేదు. "ఓవర్ స్పీడ్ అని రాసేశాం సార్. మీరు వీడియో ఇస్తే సాక్షిగా కోర్టు చుట్టూ తిరగాలి, మీకెందుకు టెన్షన్" అన్నారు. నేను డెబ్బైలో వస్తున్నా, ఆయనా నా ముందు అంతే స్పీడులో పోతున్నాడు. ఎక్కడిది ఓవర్ స్పీడ్?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం ఓవర్ స్పీడ్ వల్లేనని ప్రభుత్వ లెక్క. ఆ లెక్క వచ్చేది ఇలా రాసేసిన కాగితాల నుంచే కదా! 2013లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర 45 మంది కాలిపోయినప్పుడు బస్సు గుద్దింది కల్వర్టును. డ్రైవర్ ఏం చేశాడో ఎంత ముఖ్యమో, అక్కడ రోడ్డు ఎలా ఉందో కూడా అంతే ముఖ్యం.

అమెరికాలో ఇరవై ఏళ్ళ కిందటే వర్జీనియా టెక్ వాళ్ళు వంద కార్లలో కెమెరాలు పెట్టి ఏడాది పైగా రికార్డు చేశారు. గుద్దుకున్నవే కాదు, వెంట్రుకవాసిలో తప్పినవి కూడా 700కు పైగా కూర్చుని చూశారు. దాదాపు 80 శాతం ప్రమాదాల్లో సరిగ్గా ఆ ముందు క్షణాల్లో డ్రైవర్ ధ్యాస ఎదుటి రోడ్డు మీద లేదని తేలింది. ఆ సంగతి డ్రైవర్‌ను అడిగితే చెప్తాడా? చాలామందికి గుర్తు కూడా ఉండదు. మన ట్రావెల్స్ బస్సుల్లో, లారీల్లో కూడా డ్రైవర్ ముఖం వైపు కెమెరాలు వచ్చేశాయి. డ్రైవర్ ఫోన్ పట్టుకున్నాడా, కునుకు తీశాడా అని ఓనర్లు చూసుకుంటారు. అతను వరసగా ఎన్ని రాత్రులు బండి నడిపాడో కూడా అందులోనే ఉంటుంది. అది మాత్రం ఎవరూ బయటికి తీయరు.

మా బావ సంగతి చెప్పకుండా ఉండలేను. ఎనిమిదేళ్ళ కింద అద్దంకి రోడ్డు మీద రాత్రిపూట వడ్ల లోడు ట్రాక్టర్ ఆగి ఉంది. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ కూడా లేదు. బావ బైక్ పోయి దానికి తగిలింది. ఎఫ్ఐఆర్‌లో "అతివేగం, అజాగ్రత్త" అని బావ మీదే రాశారు. చనిపోయిన మనిషి వచ్చి కాదని చెప్పలేడు కదా. ఇన్సూరెన్స్ వాళ్ళ లాయర్ ఆ రెండు మాటలే పట్టుకున్నాడు, పరిహారంలో సగం కోత పడింది. డబ్బు కోసం అక్క ఏడవలేదు. "మీ నాన్న స్పీడుగా పోయి చచ్చాడంట కదా" అని స్కూల్లో ఎవరో అన్నారని పిల్లాడు ఇంటికొచ్చి చెప్పిన రోజు ఏడ్చింది. బావ ఎప్పుడూ యాభై దాటేవాడు కాదు, వెనక కూర్చుంటే మాకే విసుగొచ్చేది. ఆ రాత్రి వెనకొచ్చిన ఏ ఒక్క కారులోనైనా కెమెరా ఉండి ఉంటే అక్కకు ఆ మాట పడాల్సిన అవసరం ఉండేది కాదు.

డ్యాష్‌క్యామ్‌లో కార్డు నిండితే పాత వీడియో పోయి దాని చోట కొత్తది వస్తుంది. నాలుగు రోజులు ఆగితే ఆ పన్నెండు సెకన్లు ఇక దొరకవు. అందుకే కార్డు తీసి బీరువాలో పెట్టాను. కోర్టులో వీడియో చెల్లాలంటే అది ఏ కెమెరాలో ఎలా రికార్డయిందో చెప్పే సర్టిఫికెట్ కావాలంటారు, నా వంతు సంతకం నేను పెడతా. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు పోతా. ఆ కారు వాళ్ళది మిర్యాలగూడ వైపు అని అంబులెన్స్ దగ్గర ఎవరో అన్నారు. తెల్ల కారు, నిన్న సాయంత్రం ఆరు దాటాక. తెలిసినవాళ్ళు ఉంటే నాకు మెసేజ్ పెట్టమనండి అన్నా, వాళ్ళ మీద కేసు గట్టిపడకముందే.