కలుపు అంతా ఒకటి కాదు

వానలు మొదలవగానే ఎరువుల దుకాణాల దగ్గర రైతులు అడిగే మాట ఒకటే: "కలుపు మందు ఇవ్వండి." ఏ కలుపుకి అని ఎదురు అడిగేవారు తక్కువ. కూలీలు దొరకని, దొరికినా కూలి గిట్టని రోజుల్లో రైతు మందు డబ్బా వైపు చూడడాన్ని మేము తప్పు పట్టం. చేలో ఉన్న కలుపునంతా ఒకే గాటన కట్టి సలహాలిస్తున్న వ్యవస్థ మీదే మా అభ్యంతరం.

తుంగను పైపైన కోస్తే భూమిలోని గడ్డల నుంచి మళ్లీ లేస్తుంది. వయ్యారిభామ గింజలతో వ్యాపిస్తుంది కాబట్టి పూతకు ముందే పీకాలి. ఈ తేడాలు రైతులకు తెలుసు. మనం సరిగా పట్టించుకోనిది ఒకే జాతిలో ఉండే తేడాలను.

వరి చేలో పెరిగే ఊద అనే గడ్డినే చూడండి. పిలకలు పక్కలకు పరుచుకుని, మొదళ్లు ఎర్రబారి ఉండే ఊద ఇట్టే దొరికిపోతుంది. అదే జాతిలో మరికొన్ని మొక్కలు వరిలాగే నిటారుగా, పచ్చగా నిలబడతాయి. ఆకు మొదట్లో వరికి ఉండే చిన్న పొర వీటికి ఉండదు, దగ్గరగా చూస్తేగానీ ఆనవాలు తెలియదు. చైనాలోని యాంగ్‌ట్సీ నదీ ప్రాంతపు ఊద జన్యువులను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనం, ఈ వరి పోలిక సుమారు వెయ్యేళ్ల కిందట బలపడిందని అంచనా వేసింది. తేడాగా కనిపించినవాటిని రైతులు తరతరాలుగా పీకేస్తూ వచ్చారు, కనిపించనివి మిగిలి గింజ రాల్చాయి.

చేతి కలుపుకి తరతరాలు పట్టిన పని మందుతో కొన్నేళ్లలోనే అయిపోతుంది. పంజాబ్, హర్యానా గోధుమ పొలాల్లో గుల్లీ దండా అనే గడ్డి కలుపు మీద ఏళ్ల తరబడి ఐసోప్రొటురాన్ అనే కలుపు మందు ఒక్కటే చల్లారు. తట్టుకున్న కొద్ది మొక్కలూ సంతతి పెంచుకున్నాయి. 1990ల తొలినాళ్లకే ఆ మందు చాలాచోట్ల పనిచేయడం మానేసింది, పంట నష్టపోయింది రైతు.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు వరి వెదజల్లే రైతులకు ఈ అనుభవం చాలా ముఖ్యం. నాట్లు వేసిన మడిలో నారు ముందుగా ఎదిగి ఉంటుంది, నిలిచిన నీరు కలుపును అణచి ఉంచుతుంది. వెదసాగులో వరి, ఊద ఒకేసారి మొలుస్తాయి. అందుకే మందు మీద ఆధారం పెరుగుతుంది. ఏటా అదే మందు వాడితే లొంగని మొక్కలను మనమే పెంచి పోషించినట్టు.

జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ, మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి మండలాల వారీగా సర్వే చేయాలి. ఏ కలుపు ఎప్పుడు మొలుస్తోంది, గింజ ఎప్పుడు రాలుస్తోంది, పక్క ఊళ్లో అదే మొక్క ఎలా తేడాగా ఉంది అన్నది నమోదు కావాలి. మందు కొట్టాక కూడా బతికిన మొక్కల గింజలు సేకరించి పరీక్షించాలి. ఆ ఫలితాలు, మందు మార్పిడి సలహాలు సీజన్‌కు ముందే రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో తెలుగులో రాసి పెట్టాలి.