రిజిస్ట్రేషన్ సులువైతే సరిపోదు

వ్యాపార రిజిస్ట్రేషన్ ఒక్కరోజులో పూర్తయితే కొత్త వ్యాపారాలు నిలబడతాయని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాటతో ఏకీభవించలేను. దానివల్ల పెరిగేది మొదలయ్యే వ్యాపారాల సంఖ్య. నిలిచేవాటి లెక్క వేరు. లాభంలో ఉన్న సంస్థ కూడా చేతిలో నగదు లేక మూతపడుతుంది. సరుకిచ్చి బిల్లు పంపాక 90 రోజులు డబ్బు రాకపోతే ఈలోగా జీతాలు, అద్దె ఆగవు. పైగా చాలాచోట్ల అమ్మకం పన్ను బిల్లు తేదీని బట్టే కట్టాలి, అంటే రాని డబ్బు మీద ముందే పన్ను! దావా వేస్తే తీర్పుకు ఏళ్లు పడుతుందని పెద్ద కొనుగోలుదారుకు బాగా తెలుసు, అందుకే ధైర్యంగా ఆలస్యం చేస్తాడు. పాత సంస్థ ఓవర్‌డ్రాఫ్ట్‌తో (ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకునేందుకు బ్యాంకు ఇచ్చే అప్పుతో) నెట్టుకొస్తుంది, కొత్తదానికి తాకట్టు పెట్టడానికి ఏమీ ఉండదు. యూరోపియన్ యూనియన్ 2011 ఆదేశం వ్యాపారాల మధ్య చెల్లింపుకు 60 రోజుల గడువు పెట్టింది, దాటితే గుర్తుచేయకుండానే వడ్డీకి హక్కు వస్తుంది. కానీ మరీ అన్యాయం కానంతవరకు ఒప్పందంలో రాసుకుని గడువు పెంచుకోవచ్చన్న వెసులుబాటూ ఇచ్చింది. బలవంతుడు ఆ షరతును మొదటి ఒప్పందంలోనే రాయించుకుంటాడు. వ్యాసం కొలవాల్సింది రిజిస్ట్రేషన్‌కు పట్టే రోజులను కాదు, చిన్న బకాయి కోర్టు ద్వారా వసూలు కావడానికి పట్టే రోజులను, అందుకయ్యే ఖర్చు బకాయిలో ఎంత శాతమో దాన్ని.